పట్టపగటి చుక్కలు



కోపము వచ్చినవాడు ఎదుటివానితో “నీకు పట్టపగలు చుక్కలు చూపించెదను” అనుట మనలో వాడుక. ముప్పదియైదు సంవత్సరములు బడిపంతులుగా పనిచేసిన నేనును అల్లరి పిల్లలను ఆ మాటతో పలుమారు బెదిరించియుందును. ఏ ఒక్కనికిని ఒక్క చుక్కయైన చూపలేదు. ఉద్యోగము విరమించి అరువదియేండ్లు దాటిన పిమ్మట ఆ మాట నాయందే నిజమైనది. 2025వ సంవత్సరపు వేసవిలో, పగలు పదునొకండున్నర గంటల వేళ, మా యింటి వసారాలో కూర్చుండి, ఆకాశమున నొకదాని నొకటి లాగుకొనుచున్న రెండు నక్షత్ర సముదాయముల ఛాయాచిత్రమును తీసితిని. ఆ పని యెట్లు జరిగినదియు, అందు నేనెట్లు భంగపడినదియు, ఆ భంగపాటువలన నాకేమి తెలిసివచ్చినదియు నేడు మీకు విన్నవించెదను.

మా గ్రామము గోదావరి సముద్రమున గలియు ప్రాంతమునకు సమీపమున నున్నది. సాయంకాలములందు మేము కొందరము దేవాలయపు అరుగు మీద కూర్చుండి పురాణమో, పంచాంగమో, లోకవార్తయో ముచ్చటించుకొందుము. ఒకనాటి రాత్రి సప్తర్షి మండలము ఉత్తరమున చక్కగా కనబడుచుండగా నేను ఈ జంటను గూర్చి చెప్ప మొదలిడితిని.

పెండ్లినాడు వధూవరులకు అరుంధతిని చూపుట మీరెరిగినదే. ఆ తార మిక్కిలి సూక్ష్మమైనది. కావున తెలిసిన పురోహితుడు ముందుగా సప్తర్షులను చూపును. వారిలో తోక చివరినుండి రెండవవాడగు వసిష్ఠుని చూపును. ఆ తరువాత ఆయనను అంటియున్న అరుంధతిని చూపును. పెద్దదానిని చూపి చిన్నదానికి కొనిపోవు ఈ పద్ధతికి శాస్త్రకారులు అరుంధతీ న్యాయమని పేరు పెట్టిరి. నేనును ఆ దారినే పోయితిని. తోక చివర నున్నవాడు మరీచి. ఆ మరీచినుండి ఏడు పూర్ణచంద్ర బింబములను ప్రక్కప్రక్కన పేర్చినంత దూరమున ఆకాశము మన కంటికి శూన్యముగా దోచును. ఆ శూన్యమునందే ఈ జంట యున్నది. ఉత్త కంటికి కానరాదు. చంద్రుడు లేని రాత్రి, దీపముల వెలుతురు సోకని చోట, మంచి బైనాక్యులరుతో చూచినచో చిన్న పొగమరకవలె కనబడును.

ఈ మరకను మొదట గుర్తించినవాడు ఫ్రాన్సు దేశీయుడగు మెస్యే. అది 1773వ సంవత్సరము. ఆయన తోకచుక్కలను వెదకువాడు. తోకచుక్కలని భ్రమ గొలుపు మరకలను వేరుగా గుర్తుంచుకొనుటకై ఒక పట్టిక వ్రాసికొనెను. అందు ఇది 51వది. 1781లో మెషాన్ అను మరియొక జ్యోతిర్వేత్త ఇది యొకటి కాదు, రెండు అని కనిపెట్టెను. 1845లో ఐర్లండు దేశమున లార్డ్ రాస్ అను ప్రభువు, ఆరడుగుల వెడల్పుగల లోహపు అద్దముతో తాను కట్టించిన మహా దూరదర్శినిలోనుండి చూచి, ఇందలి పెద్దది సుడివలె తిరిగిన ఆకారము గలదని చేతితో బొమ్మ గీసెను. ఆనాటినుండియు దీనికి సుడిగుండమను పేరు స్థిరపడినది.

అయితే ఈ సుడి యేమిటి? మా ప్రాంతమున పొలములకు పోవు బండిబాటను పుంత యందురు. ఆకాశమున పాలు చిందిన బాటవలె నుండునది పాలపుంత. అందు మన సూర్యునివంటి నక్షత్రములు పదివేల కోట్లకు పైగా గలవు, సూర్యుడును అందలివాడే. మన పాలపుంతకు వెలుపల అట్టి సముదాయములు వేరుగా నున్నవని అమెరికా దేశీయుడగు హబుల్ 1925లో ప్రకటించిన పరిశోధనచే రుజువైనది. వీనినే గెలాక్సీలని నేడు పిలుచుచున్నారు. ఈ సుడియు, దాని చెంతనున్న చిన్నదియు అట్టి రెండు గెలాక్సీలు. వెలుతురు సెకనునకు మూడు లక్షల కిలోమీటర్లు పరుగెత్తును. ఒక సంవత్సరములో అది పోవు దూరము సుమారు తొమ్మిదిన్నర లక్షల కోట్ల కిలోమీటర్లు. దానిని కాంతి సంవత్సరమందురు. ఈ జంట మనకు దాదాపు 3 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున నున్నది. అనగా నేడు మనకు చేరు వెలుతురు మానవజాతి పుట్టుకకు ఎంతయో ముందు అచ్చట బయలుదేరినది.

ఇంత దూరపు సంగతి మా యూరి రైతులకు బోధపరచుట కష్టమగునని తలచితిని గాని, సముద్రమే నాకు సాయపడినది. పోటుపాటులు వారికి నిత్యానుభవము. చంద్రుడు తనకు దగ్గరగా నున్న నీటిని ఎక్కువగాను, భూమి నడిమి భాగమును కొంత తక్కువగాను, ఆవలి ప్రక్క నీటిని ఇంకను తక్కువగాను లాగును. అందుచే నీరు రెండు ప్రక్కల నుబ్బును. గెలాక్సీలయందును ఇదియే జరుగుచున్నది. చిన్నది పెద్దదాని చేరువగా సాగిపోయినపుడు, పెద్దదాని అంచున గల నక్షత్రములును, వాయువులును ఒకవైపు చిన్నదాని దెసకు వంతెనవలె సాగినవి. 1972లో టూమ్రే సోదరులిద్దరు కంప్యూటరుపై లెక్క గట్టి, కేవలము ఇట్టి ఆకర్షణముచేతనే ఈ వంతెనలును తోకలును ఏర్పడగలవని చూపిరి.

అపుడొకరు “రెండు గుద్దుకొంటే చుక్కలన్నీ పగిలిపోవా?” అని యడిగిరి. మంచి ప్రశ్న. సూర్యుని ఒక మిరియపు గింజయంత చేసితిమనుకొనుడు. అపుడు మనకు మిక్కిలి చేరువనున్న మరియొక నక్షత్రము ఇంకొక గింజయై నూరు కిలోమీటర్లకు పైబడిన దూరమున నుండును. అంత ఎడముగల గింజలు ఒకదాని నొకటి తాకుట అరుదు. వాని నడుమ నుండు వాయు మేఘములు మాత్రము ఒత్తుకొని దట్టమగును. ఆ దట్టమైన తావుల క్రొత్త నక్షత్రములు పుట్టును. కావున ఇది నాశనము మాత్రమే కాదు, పురుడు గూడ.

అందరును సంతోషించిరి. వారిలో నాకంటె పదియేండ్లు పెద్దవాడగు ఒక రైతు మాత్రము, చుట్ట ఆర్పి, నెమ్మదిగా నిట్లనెను: “పంతులుగారూ, చెప్పింది బాగానే ఉంది. ఇదంతా మీరు చూశారా?”

నాకు మాట రాలేదు. ముప్పదియైదు సంవత్సరములు నల్లబల్లపై సుద్దతో చుక్కలు గీసి చెప్పితిని గాని, నేను చూడలేదు. పుస్తకమున చదివితిని. తర్కశాస్త్రము చదివినప్పుడు ప్రత్యక్షము, అనుమానము, శబ్దము అని ప్రమాణములను వల్లించితిని. ఈ విషయమున నాకున్నది శబ్ద ప్రమాణమొక్కటే. ఆ రాత్రి ఆ ప్రశ్న ముల్లువలె గుచ్చుకొని నిద్ర పట్టనీయలేదు.

ఇంజనీరింగు చదువుచున్న నా మనుమడు సెలవులకు వచ్చినపుడు ఈ మాట చెప్పితిని. వాడు నవ్వి, “తాతగారూ, చూడటానికి అక్కడికి వెళ్లనక్కరలేదు, టెలిస్కోపు అద్దెకు దొరుకుతుంది” అనెను. మొదట నేను నమ్మలేదు. పిమ్మట విచారింపగా, మన దేశముననే అట్టి యేర్పాటు గలదని తెలిసినది. లదాఖులోని హాన్లే యను చోట, సుమారు 4500 మీటర్ల యెత్తున, రెండు మీటర్ల అద్దముగల హిమాలయ చంద్ర దూరదర్శిని గలదు. 2000వ సంవత్సరమున దానితో తొలిసారి ఆకాశమును చూచిరి. దానిని బెంగుళూరు చేరువనున్న హోసకోటెలో కూర్చుండి, ఉపగ్రహము ద్వారా నడుపుదురు. అది పరిశోధకులది. నావంటివారికి, గంటకింత యని సొమ్ము తీసికొని చిన్న దూరదర్శినులను వాడుకొననిచ్చు సంస్థలు పరదేశములయందున్నవి. మేమెన్నుకొన్నది అమెరికా దేశపు న్యూమెక్సికో రాష్ట్రమున, పొడిగాలి గల కొండలపై నున్నది. దాని అద్దము మూరెడు వెడల్పు. నా పింఛనులోనుండి ఒక గంటకు సొమ్ము కట్టితిని.

చంద్రుని వెన్నెల మసక వెలుగులను మింగును గనుక అమావాస్య కావలెను. పంచాంగము చూచి, శ్రీ విశ్వావసు నామ సంవత్సర చైత్ర బహుళ అమావాస్య, అనగా 2025 ఏప్రిల్ 27వ తేది ఆదివారము నిర్ణయించితిని. ఆ దినములలో ఈ జంట అచ్చట నడిరేయి నడినెత్తికి దగ్గరగా వచ్చును. కావున అచ్చటి లెక్క ప్రకారము అర్ధరాత్రి మొదలుకొని ఒక గంట మనకు దొరకినది. అది మనకే వేళ యగునో లెక్కింపవలెను. గ్రీనిచికి మనము అయిదున్నర గంటలు ముందు, వారు ఏడు గంటలు వెనుక. మొత్తము పండ్రెండున్నర గంటలు. “పగలు పండ్రెండున్నరకు రండి, పట్టపగలు చుక్కలు చూపించెదను” అని ఊరందరితో చెప్పితిని. మనుమడు హైదరాబాదునకు పోవుచు, “టైము ఒకసారి నేను సరిచూడనా, తాతగారూ?” అని యడిగెను. “గ్రహణములు గణించినవానికి నీవు కాలము నేర్పుదువా?” అని వానిని కసరితిని.

ఆదివారము ఇరువదిమందికి పైగా వచ్చిరి. వసారాలో చాపలు పరచి, మజ్జిగ యిచ్చి, ఎదుట కంప్యూటరు పెట్టుకొని కూర్చుంటిని. పండ్రెండున్నర కొట్టినది. మీట నొక్కితిని. నీకిచ్చిన గంట ముగిసినదని తెరపై వ్రాత కనబడినది. మనుమనికి టెలిఫోను చేసితిని. వాడు సంగతి చెప్పెను. ఆ దేశమున మార్చి మొదలు నవంబరు వరకు గడియారములను ఒక గంట ముందునకు జరుపుదురట. కావున తేడా పండ్రెండున్నర గాక పదునొకండున్నర గంటలే. మేము మజ్జిగ త్రాగుచున్న వేళ అచ్చటి దూరదర్శిని నా యాజ్ఞకై గంటసేపు వేచి, ఊరకుండినది. సొమ్ము పోయినది. తప్పు సంస్థది కాదు, మనుమనిది కాదు, నాది.

అపుడు వాడు టెలిఫోనులో మెల్లగా నొక మాట చెప్పెను. “తాతగారూ, హబుల్ టెలిస్కోపు అంతరిక్షం నుంచి తీసినది, 2005లో విడుదల చేశారు. దీనిదే, రంగుల్లో, అద్భుతంగా ఉంటుంది. పంపుతాను, అదే చూపించండి. ఎవరికి తెలుస్తుంది?” వాడు నా పరువు కాపాడవలెనని యన్నాడు గాని, చెడు తలంపుతో గాదు. ఆ చిత్రమును క్షణములో పంపెను. దానిని చూచితిని. గులాబి రంగు మొగ్గలవంటి మేఘములు, నీలపు బాహువులు, పసుపుపచ్చని చిన్న తోడు. ఎంత చూచినను తనివి తీరదు. చాపల మీద ఇరువదిమంది నా ముఖమే చూచుచున్నారు. దాచిపెట్టుట యెందుకు? చూపుదునా అని ఒక నిమిషము ఊగిసలాడితిని.

తుదకు లేచి నిలువబడి, “కాలము లెక్క తప్పితిని. గంట దాటిపోయినది. చిత్రము లేదు” అంటిని. కొంతసేపు ఎవరును మాటాడలేదు. తరువాత వెనుకనుండి యెవరో, “పంతులుగారు నిజంగానే మనకు పట్టపగలు చుక్కలు చూపించారు!” అనిరి. అందరును నవ్విరి. నేనును నవ్వితిని గాని, ఆ రాత్రి భోజనము సహింపలేదు.

మరల సొమ్ము కట్టితిని. ఈ సారి వేళను మనుమనిచేతనే చూపించితిని. 29వ తేదిని అచ్చట మబ్బు పట్టి దూరదర్శిని పైకప్పు తెరువలేదు. మూడవసారి మే 1వ తేది, వైశాఖ శుద్ధ చవితి. నాడు వచ్చినవారు ఆ పెద్ద రైతును, ఇద్దరు పిల్లలును మాత్రమే. పదునొకండున్నరకు మీట నొక్కితిని. బయట ఎండ మాడ్చుచున్నది. పెరటిలో వడియములు ఎండుచున్నవి. భూమికి ఆవలివైపున నడిరేయి, పైకప్పు ప్రక్కకు జరిగి, మూరెడు అద్దము మరీచి వైపు తిరిగినది.

పని జరుగు విధము వినుడు. భూమి తిరుగుచుండుటచే ఆకాశము కదలుచున్నట్లుండును గదా. అందుచే దూరదర్శిని ఆ కదలికకు సరిగా తానును తిరుగుచు, ఒకే తావును చూచుచుండవలెను. కెమెరా వేడెక్కిన లేని చుక్కలు పుట్టించును; కావున దానిని మంచుకంటెను చల్లగా నుంచుదురు. మన కన్ను వెలుతురును నిలువ చేయలేదు, క్షణక్షణమును క్రొత్తగా చూచును. కెమెరా మాత్రము, చినుకులను పట్టు కుండవలె, అయిదు నిమిషములపాటు పడిన వెలుతురు నంతయు కూడబెట్టును. అట్టివి పండ్రెండు తీయ నిశ్చయించితిమి. నాలుగు చెడినవి: గాలికి దూరదర్శిని అదరి, మూడింటిలో చుక్కలు బియ్యపు గింజలవలె సాగినవి, ఒకదానికి అడ్డముగా ఒక ఉపగ్రహము గీత గీసిపోయినది. నిలిచినవి ఎనిమిది, అనగా నలువది నిమిషముల వెలుతురు.

ఈ యెనిమిదింటిని ఒకదానిపై నొకటి సరిగా పేర్చి కలుపుదురు. ఎందుకనగా, ఒక్కొక్క చిత్రములో లేనిపోని చుక్కలు కొన్ని యుండును. ఎనమండుగురు సాక్షులను వేరువేరుగా విచారించినట్లు, ఒక్కనికి మాత్రము తోచినది త్రోసిపుచ్చి, అందరియందును సమానముగా నున్నదానిని నిలుపుదురు. అట్లు నిలిచినదే చిత్రము.

అది తెరపై వచ్చినది. రంగు లేదు, బూడిదవంటి తెలుపు. అంచులు మసక. అయినను నడుమ ప్రకాశమును, దానిచుట్టు తిరిగిన రెండు బాహువులును, వానిలో నొకటి సాగి చిన్నదానిని చేరుటయు స్పష్టముగా గానవచ్చినవి. పెద్ద రైతు కండ్లద్దములు తుడుచుకొని, చాలసేపు చూచి, “చిన్నది పెద్దదాని చెయ్యి పట్టుకుని ఉన్నట్టుంది” అనెను. సత్యమునకు పెద్దదాని బాహువే చిన్నదాని ముందుగా సాగియున్నదనియు, చిన్నది కొంత వెనుకగా నున్నదనియు శాస్త్రజ్ఞులు చెప్పుదురు. నేను ఆ మాట చెప్పితిని. ఆయన తల యూపెను.

అపుడు నేనే యడిగితిని: “ఇప్పుడు నేను చూచినట్టేనా?” ప్రశ్న ఆయనది గావున తీర్పును ఆయనదే యని నా భావము. నా మట్టుకు నాకు సందేహము తీరలేదు. నా కంటికిని ఆ వెలుతురునకును సంబంధము లేదు. అది పడినది నేనెన్నడు చూడని కొండపై అద్దము మీద. నా కడకు వచ్చినవి అంకెలు; తెర వానిని బొమ్మగా చూపినది. దీనిని ప్రత్యక్షమందునా? పొగను చూచి నిప్పును తెలిసికొనుటవంటి అనుమానమందునా? ఇంతకును ఆ దూరదర్శిని ఆ గంట అటువైపే తిరిగినదని నాకు చెప్పినవారెవరు? ఆ యంత్రమును నడుపువారే. అనగా మరల శబ్దమే గదా!

ఆ రైతు శాస్త్రము చదివినవాడు గాడు. ఆయన చెప్పినదిది: “అదంతా నాకు తెలీదు పంతులుగారూ. ఆదివారం మా అందరి ముందు తప్పు నాదన్నారు. అందుకే ఇవాళ ఈ బొమ్మ నమ్ముతున్నాను.”

నేను అవాక్కయితిని. శబ్దము ప్రమాణమగుటకు చెప్పువాడు ఆప్తుడు కావలెనని చిన్ననాడు వల్లించిన లక్షణము. ఉన్నదున్నట్లు తెలిసి, తెలిసినది తెలిసినట్లు చెప్పువాడే ఆప్తుడు. ఆదివారము నాడు ఆ యందమైన చిత్రమును మాదని చూపియుండినచో, అందులోని గెలాక్సీలు అబద్ధములు కావు. ఆ చిత్రము మా చిత్రముకంటె నూరు రెట్లు స్పష్టము. అయినను నేను దొంగసాక్షి నగుదును. అటుపై నే నేమి చెప్పినను ఆ సాక్ష్యము చెల్లదు.

ఇది మా యూరి అరుగునకు మాత్రము చెందిన మాట గాదు. ఈ సుడిలో నక్షత్రములు ప్రేలుట 1994, 2005, 2011 సంవత్సరములందు కనబడినది. 2011లో దానిని ముందుగా పట్టుకొన్నవారిలో ఉద్యోగముచే గాక, ఇష్టముచే ఆకాశము చూచు సామాన్యులు గలరు. క్రొత్త చుక్క పుట్టినదని యెట్లు తెలియును? వెనుకటి చిత్రమును తీసి, ప్రక్కన బెట్టి, ఆనాడు ఆ తావున అది లేదని చూచినపుడే గదా! కావున మసక చిత్రమైనను, తేదియు వేళయు నిజముగా వ్రాసియున్నచో, అది ఆ రాత్రికి సాక్షి. హైదరాబాదున 1901లో స్థాపితమైన నిజామియా వేధశాలలో వెనుకటివారు లక్షల నక్షత్రములను గాజుపలకలపై చిత్రించి, ఒక్కొక్కదాని స్థానమును కొలిచి పట్టికలు వ్రాసిరి. వారి కొలతలు లోకమునకు పనికివచ్చినవన్నచో, అది వారి కొలతయందలి నిజాయితీ వలననే.

మా చిత్రమును కాగితముపై అచ్చు వేయించి వసారా గోడకు తగిలించితిని. దాని క్రింద ఇట్లు వ్రాసితిని: మే 1, 2025. మనకు పగలు పదునొకండున్నర, అచ్చట అర్ధరాత్రి. తీసినవి పండ్రెండు, చెడినవి నాలుగు. ఇది మూడవ ప్రయత్నము. మొదటిది నా లెక్క తప్పుటచే పోయినది. మనుమడు ఆ తుది వాక్యము అక్కరలేదనెను. ఉండనిమ్మంటిని.

అయ్యలారా, వేసవి రాత్రులందు మనుమలను ఆరుబయట మంచముల మీద పరుండబెట్టినపుడు వారికి వసిష్ఠుని చూపుడు. ఆయన ప్రక్కన అరుంధతిని చూపుడు. తోక చివర మరీచిని చూపి, ఆ చెంతనున్న చీకటిని గూడ చూపుడు. ఆ చీకటిలో రెండు పుంతలు ఒకదాని నొకటి లాగుకొనుచు క్రొత్త చుక్కలను కనుచున్నవని చెప్పుడు. “మీరు చూశారా, తాతయ్యా?” అని వారు తప్పక అడుగుదురు. చూచియున్న చూచితిననుడు, వినియున్న వింటిననుడు.